నీళ్లు తేర్చే చెయ్యి

చిల్లగింజను అరచేతిలో పెట్టుకుని చూస్తే చెప్పుకోదగ్గ విశేషమేమీ కనపడదు. సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండే గుండ్రటి గింజ, రెండు వైపులా కాస్త అణిగి ఉంటుంది. మట్టి కలిసిన పసుపు రంగు. వేలితో నిమిరితే సన్నటి నూగు తగులుతుంది. రోట్లో వేసి దంచినా ఒక పట్టాన నలగదు. ఈ గింజను కుండ లోపలి గోడకు కాసేపు అరగదీసి, ఆ కుండలో వానాకాలపు ఏటి నీళ్లు పోసి కదపకుండా ఉంచితే, ఎర్రగా ఉన్న నీళ్లు కొన్ని గంటల్లో అడుగు కనిపించేంత తేటపడతాయి. కరెంటు అక్కర్లేదు, ఫిల్టరు అక్కర్లేదు. కావలసిందల్లా ఒక గింజ, ఒక కుండ, ఎంత అరగదీయాలో ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి.

ఆ చేతి పనితనాన్ని పరిచయం చేయడానికే ఈ వ్యాసం. దాని పక్కనే ఇంకో పనితనాన్నీ పెట్టి చూపించాలనుంది. ఇంట్లో గాజు తొట్టిలో సముద్రపు చేపల్ని పెంచేవాళ్లు, నీళ్లు తెల్లగా మసకబారిన రోజున చేసే పని అది. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది కలక నీళ్లే. అయితే ఒకరికి పనికొచ్చిన మందు ఇంకొకరి తొట్టిని పాడుచేస్తుంది. ఎందుకు పాడుచేస్తుందో తెలిస్తే ఇద్దరి పనీ అర్థమైనట్టే.

ఈ రెండు పనుల్నీ ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం నుంచి చూద్దాం. అది అడవిలోని ఊరు కాదు. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గంలో మధిర దాటాక వచ్చే స్టేషను. ఇంకాస్త ముందుకు పోతే ఆంధ్ర సరిహద్దు. జమలాపురం వెంకటేశ్వరస్వామి గుడి ఈ మండలంలోనిదే. చుట్టూ వరి, పత్తి, మిరప చేలు. అడవి మొదలయ్యేది సత్తుపల్లి, కొత్తగూడెం దిక్కున. అక్కణ్ణుంచి భద్రాచలం దాకా, గోదావరి దాటి ఆవలికీ సాగుతుంది. ఆ అడవి నుంచి చిల్లగింజ, ఎగువన కురిసిన వాన నుంచి ఎర్రనీళ్లు, రెండూ మైదానానికి దిగివస్తాయి. మధిర పక్కన వైరా, ఖమ్మం ఊరి మధ్య మున్నేరు, భద్రాచలం దగ్గర గోదావరి, వీటిలో ఏది పొంగినా ముందు మారేది నీళ్ల రంగే. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. వరద తీసిన మర్నాడు ఊరంతా నీళ్లే గాని తాగడానికి చెంబెడు ఉండవు. ఆ చెంబెడు నీళ్ల కోసమే పాతవాళ్లు చిల్లగింజను మూటగట్టి ఇంట్లో ఉంచుకునేవాళ్లు.

చెట్టు పొడి ఆకురాల్చే అడవుల్లోది. పండితే నల్లబడే చిన్న కాయ, లోపల సాధారణంగా ఒకటే గింజ. గిరిజనులు ఏరుకొచ్చే చిల్లర అటవీ ఫలసాయంలో ఇదీ ఒకటి. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో తేనె, చింతపండు, కుంకుళ్లు, ముష్టి గింజలతో పాటు చిల్లగింజలూ ఉంటూ వచ్చాయి. ముష్టి గింజ పేరు ఊరికే ఎత్తలేదు. రెండూ ఒకే ప్రజాతి చెట్లవి, స్ట్రిక్నాస్. ముష్టిలో ఉన్నది స్ట్రిక్నిన్ అనే పచ్చి విషం. చిల్లగింజలో ఆ విషం లేదు. అన్నదమ్ముల్లో ఒకడు ప్రాణం తీసేవాడు, ఇంకొకడు నీళ్లు తేర్చేవాడు. ముష్టి గింజ పెద్దది, రెండు సెంటీమీటర్ల వెడల్పున పలకగా బిళ్లకట్టి, బూడిద రంగులో పట్టులా మెరుస్తుంది. చిల్లగింజ చిన్నది, గుండ్రటిది, మెరుపు లేనిది. ఏరేటప్పుడే ఈ తేడా పట్టగలగాలి. ఈ పనిలో మొదటి నైపుణ్యం అదే.

ఇక కుండ దగ్గరి పని. ఏటి నుంచి తెచ్చిన నీళ్లకు వెంటనే గింజ తగిలించకూడదు. ముందు మడతపెట్టిన పాత నూలుబట్టతో వడకట్టాలి, చెత్తాచెదారం పోతుంది. తర్వాత కాసేపు అలా వదిలేస్తే ఇసుక తనంతట తానే అడుగు పడుతుంది. పైనీళ్లను ఇంకో కుండలోకి ఒంపుకోవాలి. తనంతట తాను దిగేదాని మీద గింజను ఖర్చుపెట్టడం దండగ. గింజ చేయవలసిన పని వేరే ఉంది.

రెండో కుండ మెరుగుపెట్టని మట్టికుండ అయ్యుండాలి, లోపలి గోడ కాస్త గరుగ్గా ఉండాలి. తడి చేసిన గోడకు గింజను ఆనించి గుండ్రంగా తిప్పుతూ అరగదీస్తారు. స్టీలు బిందెలైతే ఈ పని కుదరదు. గింజ జారిపోతుందే తప్ప అరగదు. అప్పుడు సాన మీద నీళ్లచుక్క వేసి గంధం తీసినట్టు తీసి, ఆ తెల్లటి ముద్దను నీళ్లలో కలుపుతారు. ఎంత తీయాలన్నది నీళ్ల కలకను బట్టి ఉంటుంది. చేతులు ముంచితే మునివేళ్లు కనపడని నీళ్లకు ఒక మోతాదు, అరచెయ్యి మసకగా కనపడే నీళ్లకు ఇంకో మోతాదు. ఎక్కువ వేస్తే ఎక్కువ తేరుతాయనుకోవడం కొత్తవాళ్ల భ్రమ. మోతాదు మించిందంటే దగ్గరకొచ్చిన మట్టి మళ్లీ విడిపోతుంది, గింజ పొడి కూడా దానికి తోడై నీళ్లు మొదటికన్నా మసకబారతాయి.

తిప్పడంలో రెండు దశలున్నాయి, ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. మొదట గరిటెతో గబగబా తిప్పుతారు, ముద్ద ఒకచోట ఉండిపోకుండా కుండంతా పాకాలని. తర్వాత వేగం తగ్గించి, నీళ్లు కదిలీ కదలనట్టుగా నెమ్మదిగా తిప్పుతారు. కంటికి కనిపించని మట్టి రేణువులు ఒకదానికొకటి తగిలి, అంటుకుని, ఉండలుగా పెరిగేది ఈ నెమ్మది తిప్పుడులోనే. ఇప్పుడు గబుక్కున కలియబెడితే కట్టిన ఉండలన్నీ చిట్లిపోతాయి, మళ్లీ కట్టడం కష్టం. మిషన్ భగీరథ లాంటి తాగునీటి పథకాల పెద్ద శుద్ధి కేంద్రాల్లోనూ జరిగేది ఇదే వరుస. మందు కలిపిన నీళ్లను మొదట క్షణాల్లో గట్టిగా చిలికి, తర్వాత అరగంట దాకా మెల్లగా కదిపి, ఆపైన నిలవపెడతారు. ఇంజనీర్లు లెక్కలు కట్టి తేల్చిన పద్ధతిని కుండ దగ్గర కూర్చున్న మనిషి మణికట్టుతో పట్టుకుంది.

ఆ తర్వాత చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడం. మూతపెట్టి, కుండను తాకకుండా, పక్కన బరువులు దించకుండా వదిలేయాలి. తీసుకునేటప్పుడు కుండను వంచకూడదు. పైనుంచి చెంబుతో మెల్లగా ముంచుకోవాలి, అడుగున నాలుగు వేళ్ల మందం వదిలేయాలి. కక్కుర్తిపడి ఇంకో చెంబు ముంచారా, పూటంతా పడ్డ కష్టం కలకలో కలిసిపోతుంది.

ఇంతకీ గింజ చేసిన పనేమిటి? బంకమట్టి రేణువు కొలత రెండు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో అయిదువందలో వంతు, లేదా అంతకన్నా తక్కువ. రెండు మైక్రాన్ల రేణువు నిశ్చలమైన నీళ్లలో రోజుకు సుమారు ముప్ఫై సెంటీమీటర్లు దిగుతుంది. కుండలోతు అంతే కాబట్టి ఒక రోజులో అడుగు చేరాలి. కాని రేణువు పది రెట్లు చిన్నదైతే దిగే వేగం వంద రెట్లు పడిపోతుంది. అదే కుండలో దానికి మూడు నెలలకు పైగా కావాలి. నిజానికి అంతకాలం ఆగినా దిగదు. నీటి అణువుల తాకిడి దాన్ని అటూ ఇటూ నెడుతూనే ఉంటుంది. పైగా మట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం, ఋణావేశం ఉంటుంది. ఒకటి దగ్గరకొస్తే ఇంకొకటి తోసేస్తుంది. ఏటి నీళ్లు రోజుల తరబడి ఎర్రగానే ఉండటానికి కారణం ఇదీ. గింజలోని పొడవాటి పిండి గొలుసులు, మాంసకృత్తులు నీళ్లలో విచ్చుకుని, ఒక్కో గొలుసు అనేక రేణువులను పట్టుకుంటుంది. పట్టు దొరికాక రేణువులు ముద్దకట్టి, ముద్ద బరువెక్కి, దిగిపోతుంది. గింజ పొడి కూడా మట్టితో పాటే అడుక్కి పోతుంది. ఆదిశంకరుల పేరుమీద ఉన్న ‘ఆత్మబోధ’లో జ్ఞానానికి ఈ గింజనే ఉపమానంగా తెచ్చింది అందుకే: మురికిని తీసుకుపోయి తానూ మిగలని గుణం.

పటిక చేసేదీ దగ్గరదగ్గర ఇదే, దారి వేరు. పటికలోని అల్యూమినియం ధనావేశంతో మట్టి ఋణావేశాన్ని చంపుతుంది. నాలుగు తిప్పులు తిప్పితే చాలు, ఇట్టే పనిచేస్తుంది. వేగంలో చిల్లగింజ దానికి సాటిరాదు, ఒప్పుకోవాలి. కాని పటిక కాస్త ఎక్కువైతే నీళ్లు వగరెక్కుతాయి, పులుపు తిరుగుతాయి. చిల్లగింజతో తేర్చిన నీళ్లకు ఆ రుచి తేడా రాదు. నన్నడిగితే నాణ్యంలో గింజే మేలు. ఊరంతటికీ నీళ్లు కావాలంటే మాత్రం పటిక తప్పదు.

ఈ పనికి మన దగ్గరున్న లిఖిత సాక్ష్యం చాలా పాతది. సుశ్రుత సంహిత కలక నీళ్లను తేర్చే సాధనాలు ఏడు చెప్పింది. వాటిలో మొదటిది కతకం, అంటే చిల్లగింజ. మిగతావి గోమేధికం, తామర దుంప, నాచు వేళ్లు, బట్ట, ముత్యం, మణి. ముత్యం, మణి సంగతి నేను చెప్పలేను గాని బట్ట, గింజ ఈనాటికీ పనిలో నిలిచాయి. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో పండితుల సావాసంతో మందబుద్ధి చురుకెక్కడాన్ని, ఈ గింజ రాపిడితో నీళ్లు తేరడంతో పోల్చాడు. కాయను తలచి ఊరుకోకుండా రాపిడిని కూడా చెప్పాడంటే కుండ దగ్గర కూర్చుని చూసే ఉంటాడని నా అనుమానం.

తెలుగు నేలకు సంబంధించిన సాక్ష్యం ఇంకా దగ్గరిది. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, మొక్కల శాస్త్రవేత్త. ఉత్తర సర్కారుల చెట్లను స్థానిక చిత్రకారులతో గీయించాడు. 1795లో లండన్‌లో వెలువడ్డ ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ మొదటి సంపుటంలో ముష్టి, చిల్ల చెట్లు పక్కపక్క పటాలుగా ఉన్నాయి. గింజలు సంతల్లో అమ్ముతారనీ, మెరుగుపెట్టని కుండ లోపల ఒకటి రెండు నిమిషాలు అరగదీసి నీళ్లు నిలవపెడతారనీ ఆయన రాసిపెట్టాడు. పటాలు గీసిన చేతుల పేర్లు పుస్తకంలో లేవు. కుండలో గింజ తిప్పి చూపించిన చేతుల పేర్లు ఎలాగూ ఉండవు.

ఇప్పుడు సముద్రం దగ్గరకు పోదాం. గోదావరి భద్రాచలం దాటి, పాపికొండల మధ్య నుంచి దిగి, ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా అంతర్వేది, యానాం దగ్గర సముద్రంలో కలుస్తుంది. వందల కిలోమీటర్లు మోసుకొచ్చిన బంకమట్టిని అక్కడ వదిలేస్తుంది. వేగం తగ్గడం ఒక కారణమైతే ఉప్పు ఇంకో కారణం. సముద్రపు నీళ్లలోని సోడియం, మెగ్నీషియం, కాల్షియం అయాన్లు మట్టి రేణువుల మధ్య తోపుడును అణచేస్తాయి, అవి దగ్గరకొచ్చి ముద్దకడతాయి. కుండలో గింజ చేసే పనిని నది మొగల్లో ఉప్పు చేస్తుంది. కోనసీమ నేల పేరుకోవడంలో ఆ ఉప్పుకీ పాలుంది.

దీన్నిబట్టి ఉప్పునీటి అక్వేరియం గురించి ఒక సంగతి తేలుతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీళ్లలో బంకమట్టి ఎక్కువసేపు తేలి ఉండలేదు. అందుచేత ఇంట్లో సముద్రపు తొట్టి మసకబారి, ఆ మసక రోజుల తరబడి వదలకపోతే, అది ఏటి నీళ్ల కలక కాదు. పైకి రెండూ ఒకేలా కనపడినా లోపలి సరుకు వేరు.

సముద్రం ఒడ్డున తొట్టి పెట్టడం ఒక తీరు. 1909లో మద్రాసు మెరీనాలో తెరిచిన అక్వేరియానికి గాని, 1951 నాటి బొంబాయి తారాపోర్‌వాలాకు గాని, విశాఖ బీచ్‌లోని మత్స్యదర్శినికి గాని సముద్రం గుమ్మం ముందే ఉండేది. ఎర్రుపాలెం నుంచి సముద్రానికి వంద కిలోమీటర్ల పైమాటే. ఇక్కడ తొట్టి పెట్టేవాళ్లు సముద్రాన్ని బకెట్లో కలుపుకోవాలి. బోరు నీళ్లు సున్నం తేలే గట్టి నీళ్లు కాబట్టి ఆర్‌ఓ నీళ్లు పట్టుకుని, అక్వేరియం ఉప్పు కలపాలి. వంద లీటర్లకు మూడున్నర కిలోల పైచిలుకు పడుతుంది. వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో మెగ్నీషియం, కాల్షియం ఉండవు. కలిపే తీరులోనే పనితనం మొదలవుతుంది. నీళ్లలో ఉప్పు పోయాలి గాని ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఉప్పు దగ్గర చిక్కటి ద్రావణం ఏర్పడి, అందులో కాల్షియం, కార్బొనేటు కలిసి సున్నపురాయి పొడిగా విరిగిపోతాయి. ఆ తెలుపు మళ్లీ కరగదు. సరిగ్గా కలిపి, చిన్న పంపుతో ఒక రోజు తిప్పి, సాంద్రత 1.025 దగ్గరుందని చూసుకున్నాకే తొట్టిలో పోయాలి.

మరి తొట్టి తెల్లబడింది. చెయ్యి తిరిగినవాళ్లు ముందు ఏ మందు సీసా మూతా తీయరు. ఒక గాజు గ్లాసుతో తొట్టి నీళ్లు ముంచి, నల్లగుడ్డ ముందు పెట్టి, పక్కనుంచి టార్చి వేస్తారు. చూసేది ఒక్కటే: మసక ఎటు కదులుతోంది? పైకి పోయి అయిదు నిమిషాల్లో గ్లాసు తేటపడితే అది గాలి. పంపు ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా నురగతో మురికిని తోడే స్కిమ్మర్ నుంచి బుడగలు జారి తొట్టిలోకి వస్తున్నాయి. ఉప్పునీళ్లలో బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు, సన్నగానే ఉండిపోతాయి, అందుకే పొగమంచులా కనపడతాయి. గొట్టం బిగించాలి, తొట్టి కింది సంపులో నీళ్ల మట్టం సరిచూడాలి, అంతే. మసక కిందకు దిగి గ్లాసు అడుగున పొరకట్టిందా, అది ఇసుక పొడి. కొత్త పగడపు ఇసుకను కడగకుండా పోసినప్పుడూ, చేప గొయ్యి తవ్వినప్పుడూ లేస్తుంది. ఫిల్టరులో పాలియెస్టర్ దూది మందంగా పెట్టి, మురికైనప్పుడల్లా మారుస్తుంటే రెండు మూడు రోజుల్లో పోతుంది.

అడుగున చేరిన తెల్లపొడి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూస్తే మాయమైందనుకోండి, అది సున్నపురాయి పొడి. పగడపు ఇసుక కూడా వెనిగర్‌కు కరుగుతుంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదు. ముందురోజు తొట్టిలో ఏం పోశారో గుర్తు తెచ్చుకోవాలి. పగడాలు పెంచేవాళ్లు కాల్షియం కోసం సున్నపు తేట బొట్లు బొట్లుగా వేస్తారు. మన ఇళ్లలో తాంబూలానికి నానబెట్టిన సున్నం మీద తేలే ఆ తేటే. 1970ల నుంచి జర్మన్ పెంపకందార్లు దీన్ని పద్ధతిగా వాడుకలోకి తెచ్చారు. పీహెచ్ 12 దాటిన ద్రావణం అది. తేటతో పాటు అడుగు పాలు కూడా జారినా, ఒక్కసారిగా ఒంపినా తొట్టిలో తెల్లటి మంచు కురుస్తుంది. మెగ్నీషియం తక్కువైనా అంతే. సముద్రపు నీళ్లలో కాల్షియం విరగకుండా ఆపేది లీటరుకు 1,300 మిల్లీగ్రాముల దాకా ఉండే ఆ మెగ్నీషియమే. నీళ్లు వేడెక్కినా సున్నం తొందరగా విరుగుతుంది. ఖమ్మం జిల్లా ఎండలు 45 డిగ్రీలను తాకే నెలల్లో ఇది గుర్తుంచుకోవలసిన మాట.

అన్నిటికన్నా కష్టమైన కలక ఏదంటే, గ్లాసులో పైకీ పోనిది, కిందకీ దిగనిది. రాత్రంతా ఉంచినా పొద్దున అలాగే ఉంటుంది. అది ప్రాణమున్న కలక, బాక్టీరియా. (లేత ఆకుపచ్చ ఛాయ ఉంటే అది పాచి; వెలుతురు, ఎరువు ఎక్కువైనట్టు. తెల్లకాగితం ముందు పెడితే తెలుస్తుంది.) కుళ్లే పదార్థాన్ని తినే బాక్టీరియా తిండి దొరికితే గంటలోపే రెట్టింపు కాగలదు. అమోనియాను, నైట్రైటును మార్చే మంచి బాక్టీరియాకు ఒక్కసారి రెట్టింపు కావడానికే పూటకు పైగా పడుతుంది. కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది అందుకే, ఆ మధ్యలో నీళ్లు తెల్లబడేదీ అందుకే. పాత తొట్టి ఉన్నట్టుండి తెల్లబడితే మాత్రం వెతకాలి. రాళ్ల వెనక చచ్చిన నత్త, ఇంటికొచ్చిన పిల్లలు సరదాపడి వేసిన మేత, పొరపాటున కడిగేసిన ఫిల్టరు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. మేతను అనుమానించడం మొదలుపెడితే చాలాసార్లు వెతుకులాట అక్కడే ముగుస్తుంది.

ఇక్కడ చేసే పనిని చూడండి. మేత ఆపుతారు. చచ్చినదాన్ని తీసేస్తారు. అమోనియా కొలుస్తారు. గాలి పెంచుతారు, స్కిమ్మర్ నడిచేలా చూస్తారు. కలకలోని బాక్టీరియా చేపల ప్రాణవాయువును పంచుకుంటుంది. మంచినీళ్లలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా కరిగే ఆక్సిజన్ సముద్రపు నీళ్లలో 7కు లోపే కరుగుతుంది. వేసవి రాత్రి కరెంటు పోయిందంటే మసక నీళ్లలో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీ గాలిపంపు దగ్గర పెట్టుకున్నవాళ్లకు ఆ రాత్రి నిద్ర పడుతుంది. నీళ్లు మార్చాల్సివస్తే పదో వంతో అయిదో వంతో, అదే ఉప్పు, అదే వేడి చూసుకుని మారుస్తారు. అంతకుమించి ఏమీ చేయరు. తిండి అయిపోగానే బాక్టీరియా తగ్గిపోతుంది, కొన్ని రోజుల్లో నీళ్లు వాటంతట అవే తేరతాయి.

ఆ రోజుల్లోనే చాలామంది చెయ్యి ఆపుకోలేరు. మొత్తం నీళ్లు పారబోసేవాళ్లు, రాళ్లు తీసి కుళాయి కింద తోమేవాళ్లు, దుకాణంలో దొరికిన ప్రతి సీసా ఒంపేవాళ్లు. రాళ్ల మీదే మంచి బాక్టీరియా కాపురముంటుంది. దాన్ని తోమేస్తే తొట్టి మొదటి రోజుకు పోతుంది. ఇంకొందరికి చిల్లగింజ గుర్తొస్తుంది, పటిక గుర్తొస్తుంది. పటిక నీళ్ల క్షారగుణాన్ని తినేస్తుంది. పగడాలు పెరిగేది ఆ గుణం మీదే. చిల్లగింజ ఇంకా చిత్రం. కుండలో మట్టిని పట్టిన ఆ పిండి, మాంసకృత్తులే ఇక్కడ బాక్టీరియాకు మేత. నైట్రేటు తగ్గించడానికి పాశ్చాత్య పెంపకందార్లు కావాలనే వోడ్కా, వెనిగర్ చుక్కలు తొట్టిలో వేసి బాక్టీరియాను పెంచుతారు. చుక్కలు మించితే నీళ్లు తెల్లబడతాయని వాళ్లకు తెలుసు, కొలిచి వేస్తారు. కొలత లేకుండా గింజ అరగదీసి కలిపితే తెల్లదనం పెరుగుతుందే గాని తగ్గదు. తేర్చడానికి అక్కడ మట్టే లేదు.

చిల్లగింజ మీద నా మెప్పు దీనివల్ల తగ్గలేదు. మట్టి కలకకు, మట్టికుండలో, మంచినీళ్లలో అంత నేర్పుగా కుదిరిన పద్ధతి నాకు ఇంకోటి తెలియదు. తాగునీటికి మన దేశ ప్రమాణం మసక ఒక ఎన్‌టీయూ (మసకను కొలిచే కొలమానం) మించకూడదంటుంది, వేరే దారి లేనప్పుడు అయిదు దాకా ఒప్పుకుంటుంది. కంటికి తేటగా కనపడ్డ కుండ నీళ్లన్నీ ఆ గీత లోపల ఉంటాయని చెప్పలేం, కాని గింజ వాటిని ఆ దిక్కుగా చాలా దూరం తీసుకుపోతుంది. గింజ పట్టిన మట్టితో పాటు క్రిములూ చాలామటుకు అడుగుకు పోతాయి. పోతాయే గాని చావవు. తేరిన నీళ్లలో గింజ సత్తువ కాస్త మిగిలి ఉంటుంది కాబట్టి రెండో రోజుకు వాసన కొట్టవచ్చు.

ఈసారి వరదకు ఎవరైనా ఈ పని చేసి చూడదలిస్తే మూడు మాటలు. గింజల్ని తెలిసినవాళ్ల దగ్గరే తీసుకోండి, ముష్టి గింజ కలవలేదని ఒక్కొక్కటీ చూసుకోండి. ఏ పూట నీళ్లు ఆ పూటే తేర్చుకోండి. తేరిన నీళ్లను తెర్లేదాకా కాచి, చల్లార్చి, అప్పుడు తాగండి.